బరువు దించాక ఒక్క నిమిషం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగం)

 

కమిటీ వాళ్ళు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. ‘పవర్ ప్లాంటులో పనిచేస్తావు కదా, కరెంటు గురించి చెప్పు’ అన్నారు. కరెంటు గురించి ఎవరూ వినరు, అది పోయినప్పుడు తిట్టుకోవడం తప్ప. అందుకని గుండె గురించి మాట్లాడతానన్నాను. నేను డాక్టర్ని కాను. కానీ ఈ సాయంత్రం నాలుగింటికి గ్రౌండులో తాడు లాగుడు పోటీ పెట్టారు, పాత బ్యాచ్‌లు ఒక పక్క, కొత్త బ్యాచ్‌లు ఒక పక్క. పేర్లిచ్చిన వాళ్ళ జాబితా నిన్న రాత్రి చూశాను. అందులో నలభై దాటని వాళ్ళు నలుగురే. మిగతా వాళ్ళం తాడు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో మనకే తెలుసు. తాడు పట్టుకోబోయే ముందు నాకు జరిగింది ఒకటి మీకు చెప్పాలనిపించింది.

పోయిన నాలుగేళ్ళలో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడుసార్లు దండం బొమ్మలు పెట్టుకున్నాం. ముగ్గురిలో ఒక్కడూ అరవై చూడలేదు. మూడోవాడు నా బెంచీ వాడు. వాడి కర్మకాండలు అయిపోయి నెల్లూరు తిరిగొచ్చిన వారానికే నేను జిమ్ములో చేరాను. మా వీధి చివర రేకుల షెడ్డు అది. ట్రైనర్ మా అబ్బాయి వయసువాడు, ‘అంకుల్, అంకుల్’ అంటూ బాగానే నేర్పాడు. ఎనిమిది నెలల్లో డెడ్‌లిఫ్టులో 60 కిలోలు పదిసార్లు ఎత్తే దాకా వచ్చాను. ఆ వీడియో గ్రూపులో పెడితే మీరంతా చేతులు జోడించారు, ఈసారి మెచ్చుకోలుగా.

అంతవరకూ బాగుంది. పుట్టినరోజుకి మా అమ్మాయి చేతికి కట్టుకునే గడియారం పంపింది. అడుగులు, నిద్ర, గుండె వేగం అన్నీ చూపిస్తుంది. ఇంజనీరు చేతికి మీటరు ఇస్తే ఊరుకుంటాడా? ప్రతి సెట్టుకీ రాయడం మొదలుపెట్టాను. బరువు కింద పెట్టగానే ఎంత, నిమిషం తర్వాత ఎంత, అని. ఒకరోజు డెడ్‌లిఫ్టు దించగానే 138. నిమిషానికి 129. తొమ్మిది తగ్గింది. మర్నాడు పదకొండు. ఆ పై వారం మళ్ళీ తొమ్మిది.

ఈ అంకెకు అర్థమేంటని వెతికాను. 1999లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు ప్రచురించిన అధ్యయనం ఒకటి దొరికింది. గుండె పరీక్షకు వచ్చిన 2,428 మందికి ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, ఆరేళ్ళపాటు వాళ్ళను గమనించారు. ఆ ఆరేళ్ళలో 213 మంది చనిపోయారు. వ్యాయామం ఆపిన మొదటి నిమిషంలో గుండె వేగం 12 గానీ అంతకన్నా తక్కువ గానీ తగ్గినవాళ్ళకు మిగతావాళ్ళ కంటే చావు ముప్పు నాలుగు రెట్లు. వయసు, ఇతర జబ్బులు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా రెండు రెట్లు.

నాది తొమ్మిది.

ఆ రాత్రి నుంచి నేను పడ్డ అవస్థ ఏం చెప్పేది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బీమా కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకాలు ఒక ఫైలులో సర్దాను. అర్ధరాత్రి లేచి మణికట్టు పట్టుకుని లెక్కపెట్టుకునేవాణ్ణి. అలా లెక్కపెట్టుకుంటుంటే అది ఇంకా పెరిగేది. పదిరోజులకు మా ఆవిడ ఫైలు చూసింది. ‘ఏంది ఇదంతా?’ అంది. చెప్పాను. ‘ఆడపిల్ల పెళ్ళికి కూడా ఇంత శ్రద్ధగా సర్దలేదు నువ్వు. ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి’ అంది.

డాక్టరంటే మన స్కూలు అమ్మాయే. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఇప్పుడు గుండె డాక్టరు. ఇక్కడే మూడో వరసలో కూర్చుని, నేను ఎక్కడ తప్పు చెబుతానా అని చూస్తోంది. పేరు చెప్పొద్దంది కాబట్టి చెప్పను. నేను అంకెలన్నీ చదివాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని వరసగా అడగడం మొదలుపెట్టింది.

‘అన్నా, బరువు దించాక ఏం చేశావు?’

‘నిలబడి గడియారం చూస్తా ఉన్నా.’

‘కదలకుండానా?’

‘కదిలితే రీడింగు తప్పొస్తుందని.’

‘ఎత్తేటప్పుడు ఊపిరి?’

‘బిగబట్టా.’

‘షెడ్డులో ఫ్యాను ఉందా? ఏ నెలలో?’

‘మే నెల. ఫ్యాను ఉంది, అది వేడిగాలే విసురుద్ది.’

‘ముందురోజు రాత్రి నిద్ర?’

‘నైట్ షిఫ్ట్.’

అవతల కాసేపు మాటల్లేవు. తర్వాత అంది: ‘అన్నా, మన డ్రిల్లు మాస్టారి దగ్గర చదివినవాడివేనా నువ్వు?’

సిగ్గుతో తల వంగిపోయింది. ఎందుకో మాస్టారి శిష్యులందరికీ తెలుసు. తెలియని కొత్త బ్యాచ్‌ల కోసం చెబుతాను. మాస్టారు మమ్మల్ని వరండా గట్టు ఎక్కించి దించేవారు, విజిల్‌కు ఎక్కడం, విజిల్‌కు దిగడం, అయిదు నిమిషాలు. ఆపగానే కూర్చోబెట్టి మణికట్టు పట్టుకునేవారు. బొటనవేలితో కాదు, నడిమి రెండు వేళ్ళతో. బొటనవేలికి దాని నాడి దానికి కొట్టుకుంటుంది, మనల్ని మోసం చేస్తుంది అనేవారు. నిమిషం గడిచాక అర నిమిషం లెక్క, రెండో నిమిషం గడిచాక అర నిమిషం, మూడో నిమిషం గడిచాక అర నిమిషం. మాకు అదొక ఆట. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు తెలిసింది, అది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హార్వర్డ్‌లో తయారైన స్టెప్ టెస్ట్ అని. అక్కడ ఇరవై అంగుళాల బల్ల, నిమిషానికి ముప్పై సార్లు. మనకు మాస్టారి విజిలు, వరండా గట్టు.

అసలు సంగతి ఆయన నోటుబుక్కు. నాడి అంకె పక్కన అయిదు గళ్ళు ఉండేవి. నిలబడ్డాడా కూర్చున్నాడా. ఎండా నీడా. ఎంతసేపటి కింద తిన్నాడు. రాత్రి నిద్ర ఎలా ఉంది. జ్వరం, జలుబు ఏమైనా ఉన్నాయా. ఆ గళ్ళు నింపకుండా ఒక్క అంకె కూడా రాసేవారు కాదు. ఒకసారి మా తరగతిలో ఒకడికి నాడి దిగనే లేదు. మాస్టారు మూడో గడి దగ్గర ఆగి, ‘ఏం తిన్నావురా?’ అని అడిగారు. వాడు మాట్లాడలేదు. తుపాను హెచ్చరికతో వారం నుంచి పడవలు వేటకు పోలేదు. ఆ మధ్యాహ్నం నుంచి వాడు మాస్టారింట్లో తినేవాడు. వాడెవడో నేను చెప్పను. ఈ సభలోనే ఉన్నాడు.

అంత నేర్పిన మాస్టారి శిష్యుణ్ణి, నేను అంకె రాసుకుని గళ్ళు వదిలేశాను.

ఇంకో సిగ్గు కూడా ఉంది. ఇది నా ఉద్యోగంలో రోజూ చేసే పని. మా టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. ఏదైనా తేడా వచ్చి ట్రిప్ అయితే ఆవిరి ఆగిపోతుంది, కానీ చక్రం వెంటనే ఆగదు. పూర్తిగా ఆగడానికి ఎంత సమయం పట్టిందో రాస్తాం. దాన్ని కోస్ట్ డౌన్ టైమంటాం. పాత రికార్డుతో పోల్చి, తొందరగా ఆగిపోతే లోపల ఎక్కడో రాసుకుంటోందేమో, బేరింగు చెడిందేమో అని చూస్తాం. యంత్రం పరుగులో ఉన్నప్పుడు దాచుకున్న లోపం ఆగేటప్పుడు బయటపెడుతుంది. అయితే, కండెన్సరులో వాక్యూమ్ ఉంచి కొలిచామా, తీసేసి కొలిచామా అన్నది రాయకపోతే ఆ సమయానికి విలువే లేదు. వాక్యూమ్ తీసేస్తే లోపలికొచ్చిన గాలి బ్రేకు వేసినట్టు చక్రాన్ని ఆపేస్తుంది. ఈ సంగతి కొత్తగా చేరిన ట్రైనీలకు నేనే పాఠం చెబుతాను. నా గుండె దగ్గరకొచ్చేసరికి మర్చిపోయాను.

ఇప్పుడు గుండె ఎలా దిగుతుందో ఆ అమ్మాయి నాకు చెప్పినంత చెబుతాను. గుండెలో సైనస్ నోడ్ అని చిన్న కణాల ముద్ద ఉంది. దాన్ని దాని మానాన వదిలేస్తే నిమిషానికి నూరు దాకా కొట్టిస్తుంది. మనం కూర్చున్నప్పుడు అరవై, డెబ్బై మాత్రమే ఉంటుందంటే, మెదడు నుంచి వచ్చే వేగస్ అనే నాడి దాన్ని పట్టి ఉంచుతోందన్నమాట. సైకిలు బ్రేకు మీద వేలు పెట్టి ఉంచినట్టు. పని మొదలు కాగానే ముందు ఆ వేలు తీసేస్తుంది, అందుకే పరుగు మొదలైన క్షణంలోనే గుండె ఎగురుతుంది. తర్వాత అడ్రినలిన్ వచ్చి తొక్కుతుంది. పని ఆగగానే మళ్ళీ మొదట వచ్చేది వేగసే. మొదటి నిమిషంలో దిగేదంతా ప్రధానంగా దాని పనే. రక్తంలోని అడ్రినలిన్, కండరాల్లో పేరుకున్న పదార్థాలు కరగడానికి మాత్రం నిమిషాలు పడుతుంది. అందుకే మొదట నిటారుగా దిగి, తర్వాత ఏటవాలుగా దిగుతుంది.

నడక, పరుగు తర్వాత ఈ దిగడం ఒక పద్ధతిలో ఉంటుంది. బరువులెత్తాక వేరే. బరువులప్పుడు తక్కువ సమయంలో ఎక్కువ కండరం బిగుసుకుంటుంది, దానిలోని రక్తనాళాలు నలిగిపోతాయి, పదార్థాలు పేరుకుంటాయి. సెట్టు మీద సెట్టు పడేకొద్దీ గుండె పూర్తిగా కిందికి రాకముందే మళ్ళీ పైకి లేస్తుంది. వ్యాయామం మొత్తం అయ్యాక కూడా వేగస్ తన పట్టు తిరిగి తెచ్చుకోవడానికి, మామూలు నడక తర్వాత కంటే ఎక్కువసేపు తీసుకుంటుంది. అరగంట తర్వాత కూడా గుండె వేగం మామూలు కంటే పైన ఉండటం జబ్బేం కాదు.

‘అన్నా, ఆ 12 ట్రెడ్‌మిల్ మీద నడిచి, ఆపకుండా ఇంకాస్త మెల్లగా నడిచినవాళ్ళది. పరీక్ష కాగానే పడుకోబెట్టి చూసే పద్ధతిలో అదే హద్దు 18. నువ్వు మే నెలలో రేకుల షెడ్డులో, నిద్రలేకుండా, ఊపిరి బిగబట్టి ఇనుము ఎత్తి, స్తంభంలా నిలబడి, దాని పక్కన 12 పెట్టి చూసుకున్నావు.’

పైగా గడియారం. చర్మం కింద రక్తం ఎగిసి పడటాన్ని వెలుతురుతో చూసి అది లెక్కపెడుతుంది. కడ్డీని పిడికిలి బిగించి పట్టుకుని, మణికట్టు వంచినప్పుడు దానికి సరిగ్గా కనబడదు. బరువులప్పుడు ఆ అంకెను నమ్మేకంటే మాస్టారి రెండు వేళ్ళు నయం.

స్తంభంలా నిలబడటం గురించి ఒక మాట. మాకు టర్బైను పూర్తిగా ఆగాక కూడా పని ఉంటుంది. వేడి చక్రాన్ని అలాగే వదిలేస్తే పైభాగం వేడిగా, కిందిభాగం చల్లగా అయి ఇరుసు వంగిపోతుంది. అందుకే బారింగ్ గేర్ వేసి మెల్లగా తిప్పుతూనే ఉంటాం, చల్లారే దాకా. మనిషికీ అంతే. బరువు దించి కదలకుండా నిలబడితే, కాళ్ళలో తెరుచుకున్న రక్తనాళాల్లో రక్తం నిలిచిపోతుంది. పిక్కలు కదిలితేనే అది పైకి వస్తుంది. లేకపోతే కళ్ళు తిరుగుతాయి, కొందరు పడిపోతారు. మెల్లగా నడవడం మన బారింగ్ గేరు.

ఇక ఊపిరి సంగతి. మన జిల్లాలో చాలామందికి లాగుడంటే ఏంటో నేర్పక్కర్లేదు. మా నాయన వేటకు పోయేవాడు. అలివి వల వేసిన రోజు ఒడ్డున రెండు తాళ్ళకూ ఇరవై ఇరవై మంది నిలబడి లాగుతుంటే, నేను పుస్తకాల సంచి సరుగుడు తోపులో పెట్టి తోక పట్టుకునేవాణ్ణి. ఎప్పుడైనా గమనించారా, ఒక్కరు కూడా నోరు మూసుకుని లాగరు. ఒకడు పాట ఎత్తుకుంటాడు, అందరూ అందుకుంటారు. లాగే దెబ్బకు నోట్లోంచి మాట వస్తుంది, అంటే ఊపిరి బయటికి పోతుంది. మెలకువగా చేసిన పని కాదు, అలా లాగితేనే రెండు గంటలు లాగగలరు. వల ఒడ్డెక్కాక ఎవరూ కూలబడరు, చేపలు ఏరుతూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. బారింగ్ గేరు మా నాయనకు ఎవరు చెప్పారో మరి.

ఊపిరి బిగబట్టి బరువు మోయడం మన దేశంలో ఒక గొప్ప విద్యే. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడుగారు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్నారని, గొలుసులు తెంచారని మన తాతలు చెప్పుకునేవారు. వాయుస్తంభన సాధన చేశారని చెబుతారు. ఆయన జీవితమంతా సాధన చేసిన మనిషి. మనం సంక్రాంతికీ సంక్రాంతికీ మధ్య తాడు ముట్టుకోని వాళ్ళం. 1985లో కెనడాలో కొందరు బాడీబిల్డర్ల చేతి ధమనిలో గొట్టం పెట్టి, బరువులెత్తేటప్పుడు రక్తపోటు కొలిచారు. ఊపిరి బిగబట్టి రెండు కాళ్ళతో బరువు తోసేటప్పుడు సగటున 320/250 దాకా పోయింది. ఒకరికి 480/350. వాళ్ళు కుర్రాళ్ళు, అలవాటున్నవాళ్ళు, దించగానే అది క్షణాల్లో పడిపోయింది. యాభై అయిదేళ్ళ గొట్టాల్లో ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో, గొట్టాలతోనే బతికే నాకు ఊహించుకుంటే చెమట పట్టింది.

పోటీల్లో ఎత్తేవాళ్ళ సంగతి వేరు. మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఆ పోటీలో పేరు పిలిచాక నిమిషంలో ఎత్తాలి, వెంటనే మళ్ళీ అదే మనిషి ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు ఇస్తారు. ఆ రెండు నిమిషాల్లో గుండెను దించుకోవడం కూడా వాళ్ళు ఏళ్ళ తరబడి నేర్చుకునే విద్యే. మనం టీవీలో చూసేది ఎత్తడం ఒక్కటే.

సరే, నా కథ. డాక్టరమ్మ ఊరుకోలేదు. ‘అంకె తప్పు కావచ్చు, కానీ నువ్వు పరీక్ష చేయించుకోవాల్సిన వయసే. జిమ్ములో చేరే ముందు చేయించుకోవాల్సింది’ అని రప్పించింది. ట్రెడ్‌మిల్ ఎక్కించింది. దిగే ముందు మెల్లగా నడిపించింది. మొదటి నిమిషంలో 21 తగ్గింది. నేను పొంగిపోయి మా ఆవిడకు ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను.

‘ఉండన్నా’ అంది. పరీక్షకు ముందు కూర్చోబెట్టి చూసిన రక్తపోటు 158/96. మరుసటి వారం రెండుసార్లు చూసింది. అటూ ఇటూగా అంతే. ఎన్నేళ్ళ నుంచి ఉందో ఎవరికీ తెలియదు. నేనెప్పుడూ చూపించుకోలేదు. తలనొప్పి లేదు, ఏమీ లేదు. అంత పోటు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎనిమిది నెలలు ఇనుము ఎత్తాను, మీ చేత చేతులు జోడించుకున్నాను. భయపడ్డ అంకె తప్పు. దాని పక్కనున్న, నేను చూడని అంకె నిజం.

ఇప్పుడు రోజూ ఒక మాత్ర. బరువులు మానలేదు, మానొద్దనే ఆమె చెప్పింది. 40 కిలోలకు దిగాను, ఎత్తేటప్పుడు ఊపిరి వదులుతాను, సెట్టుకీ సెట్టుకీ మధ్య షెడ్డు బయటి వేపచెట్టు దాకా పోయి వస్తాను. వారానికొకసారి ఒకే రోజు, ఒకే వేళ, ఒకే వ్యాయామం తర్వాత వేళ్ళతో లెక్కపెట్టి, అయిదు గళ్ళూ నింపి రాస్తున్నాను. ఇంకెవరి అంకెతోనూ పోల్చను, పోయిన నెల నాతోనే పోల్చుకుంటాను. ఒక వారం దిగడం మందగించింది. ఆ వారం వరసగా నాలుగు నైట్ షిఫ్టులు. నిద్ర గడి చూస్తే తెలిసిపోయింది. ఆ వారం బరువు తగ్గించాను.

మీలో అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు ఉంటారు. అవి గుండెను పైకే ఎగరనివ్వవు, కాబట్టి దిగడం లెక్క కూడా వేరు. మీ అంకెను నా అంకెతో పోల్చుకుని ఫైలు సర్దుకోకండి.

ఇక సాయంత్రం సంగతి. మూడున్నరకు డాక్టరమ్మ ఆ పక్క గదిలో బీపీ మిషను పెట్టుకుని కూర్చుంటుంది. తాడు పట్టుకునేవాళ్ళు ముందు అక్కడికి పోయి రావాలి. ఆమె వద్దంటే వద్దు, చప్పట్లు కొట్టడానికి కూడా మనుషులు కావాలి. రొయ్యల గుంటల దగ్గర రాత్రంతా ఏరేటర్లు చూసి, నిద్రలేకుండా వచ్చిన తమ్ముళ్ళు ఉన్నారు, వాళ్ళు కూడా చప్పట్ల పక్కే. లాగేటప్పుడు పాట ఉండాలి. పాట రానివాళ్ళు అరవండి, నోరు మాత్రం మూయొద్దు. ఛాతీలో పట్టినట్టు ఉన్నా, ఎడమ చెయ్యి, దవడ లాగినా, తాడు అక్కడే వదిలేయండి, ఓడిపోతే పోనీ. గెలిచినా ఓడినా కూలబడొద్దు. అందరం కలిసి సరుగుడు తోపు దాకా నడిచి, వెనక్కి వద్దాం.

మాస్టారు విజిలు తెచ్చుకున్నారు, జేబులో నాకు కనబడుతోంది. కొత్త నోటుబుక్కు నేను తెచ్చాను. పేరు పక్కన అయిదు గళ్ళు ఆయన గీసినట్టే గీశాను. మూడో గడిలో మీరు మధ్యాహ్నం ఏం తిన్నారో రాయించుకుంటారు. చేపల పులుసు రెండోసారి వడ్డించుకునేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.